చాలన్న అల్లుడు

గవర్రాజు ఆరడుగుల మనిషి. కరెంటాఫీసులో సబ్ ఇంజనీరు. లైన్‌మెన్ల వెంట ఎండనపడి తిరిగి మధ్యాహ్నం విస్తరి ముందు కూర్చున్నాడంటే, వడ్డించేవాళ్ళు తువ్వాలు నడుముకు బిగించుకోవాల్సిందే. చిన్నప్పుడే తండ్రి పోతే ప్రభుత్వ హాస్టల్లో పెరిగాడు. అక్కడ కంచం ముందుకు జరిపినవాడికే అన్నం. జరపనివాడికి మంచినీళ్ళు. ఆ అలవాటు చేతికి అంటుకుపోయి, ఉద్యోగం వచ్చాక కూడా హోటల్లో కూర్చుంటే అతని ఎడం చెయ్యి తనంతట తానే కంచాన్ని కాస్త ముందుకు తోసేది.

అలాంటి గవర్రాజు 'చాలు' అనడం నేర్చుకున్నది పెళ్ళయ్యాకే. ఆ ఒక్క మాటతో ఒక జిల్లా జిల్లా అంతా పస్తు పడుకోవలసి వస్తుందని పాపం అతను మాత్రం ఎలా అనుకుంటాడు?

పెళ్ళయిన వెంటనే మూడు నిద్రలకని అత్తవారింటికి వెళ్ళాడు. కొత్త అల్లుడి భోజనానికి మనవైపు ఓ పద్ధతి ఉంది. అల్లుడు చాలనాలి. అత్తగారు వినకూడదు. "చాలండీ" అంటే ఓ గరిటె వెయ్యాలి. "అబ్బే, చాలండీ" అంటే ఇంకో గరిటె. చెయ్యి అడ్డం పెట్టాడంటే ఇంకా ఆకలి మీదే ఉన్నాడని అర్థం. ఆ పెట్టే చెయ్యి కూడా వేళ్ళు బార్లా తెరిచి పెట్టాలి. మరి గరిటె దూరడానికి సందుండాలి కదా. ఇది ఏ బళ్ళోనూ చెప్పరు, అయినా అందరికీ వచ్చు. మామగారు ముత్యాలరావు గారికీ వచ్చు. ఆయనా ఒకప్పుడు అల్లుడేగా. కాకపోతే ఆకలి నియంత్రణ మండలిలో మెంబర్ సెక్రటరీ అయిన దగ్గర్నుంచీ, తనకు తెలిసినవన్నీ ఒక్కొక్కటే ఆఫీసుకు అప్పగించుకుంటూ వచ్చారు.

ఆ పూట అల్లుడికి ముందుగా పెద్ద గ్లాసు నిండా ఇసబ్గోలు కలిపిన నీళ్ళు వచ్చాయి. చూడ్డానికి నీళ్ళలాగే ఉన్నాయి గానీ గొంతులోకి జిగురులా దిగాయి. తరవాత తవుడు కలిపిన రొట్టె, అరటిదూట కూర, మునగాకు వేపుడు, ఉలవ గుగ్గిళ్ళు. వీటన్నిటి మధ్యనా, దారి తప్పి వచ్చినట్టు గరిటెడు అన్నం. కూరలకు వంక పెట్టడానికి లేదు. దూట కూరలో ఆవ పెట్టింది పెళ్ళికూతురు సుమిత్ర అమ్మమ్మ చిట్టెమ్మ. ఆవిడ చెయ్యి పడితే ఏ కూరైనా కమ్మగానే ఉంటుంది. అంత కమ్మటి కూరలు కలుపుకోవడానికి అన్నమే లేదు.

అత్తగారు మంగతాయారు అన్నం గిన్నె పట్టుకొచ్చింది.

"ఇంకాస్త వెయ్యనా బాబూ?"

గవర్రాజుకు ప్రాణం లేచొచ్చింది. పద్ధతి ప్రకారం తల దించుకుని, వేళ్ళు బార్లా తెరిచి విస్తరికి అడ్డంపెట్టి, "చాలండీ అత్తయ్యగారూ" అన్నాడు.

గరిటె గిన్నెలోంచి లేచి వేళ్ళ సందుకు గురి చూసుకుంది.

"ఆగు," అన్నారు ముత్యాలరావు గారు.

గరిటె గాల్లో ఆగింది.

"అల్లుడు గారు చాలన్నారు. వినపడలేదా?"

"అంటారండీ. అల్లుడన్నాక అనరా ఏంటి?"

"చాలన్న మనిషికి వడ్డించడం నిర్బంధ వడ్డన కిందికి వస్తుంది. మా మండలి మొట్టమొదటి తీర్మానమే అది. మనింట్లోనే ఉల్లంఘన జరిగితే రేపు ఛైర్మన్ గారికి నేను ఏ మొహం చూపించను?" అని అల్లుడి వైపు తిరిగారు. "బాబూ, ఏ మొహమాటం లేకుండా చెప్పండి. తృప్తి కలిగినట్టేనా?"

ఇదిగో, ఇక్కడ గవర్రాజు లేదని చెప్పి ఉండాల్సింది. కానీ మొహమాటం లేకుండా చెప్పమని మామగారే అడుగుతుంటే, మొహమాటం లేకుండా ఏ అల్లుడు చెప్పగలడు?

"కలిగిందండీ మామయ్యగారూ. కడుపు నిండిపోయింది."

గరిటె వెనక్కి వెళ్ళిపోయింది. మంగతాయారు ముఖం చిన్నబోయింది. మూల పీట మీద కూర్చున్న చిట్టెమ్మ నెత్తి కొట్టుకుంది. ముత్యాలరావు గారు మాత్రం ఒడియాలు పెట్టుకుని, మబ్బు పట్టని ఆకాశం చూసి పొంగిపోయే ఇల్లాలిలా వెలిగిపోయారు.

ఆ మండలి సంగతి ఓ మాట చెప్పుకోవాలి. ఎప్పుడో ఓ సభలో ఒక పెద్ద డాక్టరు గారు మాట్లాడుతూ, పీచున్న తిండి తింటే నెమ్మదిగా అరుగుతుందనీ, కడుపు చాలాసేపు నిండుగా ఉండి ఊరికూరికే ఆకలెయ్యదనీ, అందుకని అన్నంతో పాటు కాయా, ఆకూ, పొట్టు తీయని పప్పూ బాగా తినమనీ చెప్పారు. మంచి మాట. మంచి మాట దొరికితే మన పెద్దలు ఊరుకోరు, దాని మీద ఓ మండలి వేస్తారు. మండలి వేశాక కుర్చీలొచ్చాయి. కుర్చీల్లో కూర్చున్నవాళ్ళు ఆలోచించారు. పీచు తింటే ఆకలెయ్యదు. ఆకలెయ్యకపోతే అన్నం అక్కర్లేదు. కాబట్టి ఇంతకాలం జనం అన్నం తిన్నది ఆకలేసి కాదు, పరిపాలనా లోపం వల్ల. ఇంత సులువైన సంగతి ఇన్నాళ్ళూ ఎవరికీ తట్టనందుకు వాళ్ళలో వాళ్ళే నొచ్చుకున్నారు.

లోటల్లా ఒక్కటే, నిదర్శనం. అది ఆ పూట గవర్రాజు రూపంలో విస్తరి ముందు కూర్చుని దొరికింది.

భోజనాలయ్యాక చిట్టెమ్మ అల్లుణ్ణి పెరట్లో నూతి దగ్గరికి పిలిచి, కొంగు చాటునుంచి సున్నుండ తీసి చేతిలో పెట్టింది.

"ఏం నాయనా, నోరు పడిపోయిందా?"

"చాలనకపోతే ఏమనుకుంటారోనని అండీ."

"నువ్వు మనిషివి కనక చాలన్నావు. ఆయన ఆఫీసరు కనక విన్నాడు. ఇందులో ఎవరి తప్పూ లేదు, ఎండేది మాత్రం నీ డొక్క. తిను. ఎవరన్నా వస్తే మింగెయ్, నమలకు."

"పోనీ రేపు చెప్పెయ్యనా అమ్మమ్మగారూ?"

"రేపు చెప్తే ఇవాళ అబద్ధమాడావనరూ? చెప్పేదేదో గరిటె పైనున్నప్పుడే చెప్పాలి. ఇప్పుడు అది దిగిపోయింది."

ఆ మాట గవర్రాజు మనసులో సున్నుండకంటే గట్టిగా అతుక్కుపోయింది.

మర్నాడు ఛైర్మన్ పరాంకుశం గారు స్వయంగా వచ్చారు. సంతలో ఎద్దును చూసినట్టు గవర్రాజు చుట్టూ ఓ ప్రదక్షిణం చేశారు. భుజం నొక్కి చూశారు.

"ఇదేనా ఆ కాయం?"

"ఇదేనండి," అన్నారు ముత్యాలరావు గారు చేతులు కట్టుకుని.

"నాయనా, తృప్తి అనునది తమకు ఏ దశయందు సంభవించినది? భోజనమునకు పూర్వమా, మధ్యమా, పిమ్మటా?"

"మధ్యలో అనుకుంటానండీ."

"చూశారా. భోజనం పూర్తి కాకమునుపే." పరాంకుశం గారు కళ్ళు మూసుకున్నారు. లెక్క వేసుకునేటప్పుడు ఆయన కళ్ళు మూసుకుంటారు, అంకెలు అడ్డం రాకుండా. "ఇంతటి కాయానికి గరిటెడన్నం సరిపోయినది. సామాన్య కాయానికి అందులో సగం చాలును. ఇక బాలబాలికల విషయానికొస్తే..."

అని ఆపేశారు. ఆ ఆపడం గవర్రాజుకు నచ్చలేదు. కానీ అప్పుడే మంగతాయారు కాఫీ తెచ్చింది, ఛైర్మన్ గారు "అబ్బే, ఇప్పుడే తాగొచ్చానమ్మా" అన్నారు, ముత్యాలరావు గారి కన్నుసైగ అందుకుని ఆవిడ గ్లాసు వెనక్కి తీసుకెళ్ళిపోయింది. ఛైర్మన్ గారు ఆ గ్లాసు వంటింట్లోకి మాయమయ్యేదాకా దాని వంకే చూశారు.

గవర్రాజును కరెంటాఫీసు నుంచి మండలికి డిప్యుటేషన్ మీద తెప్పించారు. ఉద్యోగం పేరు సజీవ నిదర్శనం. పని ఒక్కటే. ఊరూరా సభ పెడతారు. వేదిక మీద అతన్ని కూర్చోబెట్టి ఇసబ్గోలు నీళ్ళు తాగించి, ఇంత దూట కూర, గరిటెడన్నం పెడతారు. అందరూ చూస్తుండగా ఇంకాస్త వెయ్యమంటారా అని అడుగుతారు. అతను చాలంటాడు. జనం చప్పట్లు కొడతారు. దండ వేస్తారు. ఆ దండలో బంతిపూల మధ్య తోటకూర కాడలుండేవి. జీపులో వెనక్కి వచ్చేటప్పుడు గవర్రాజు ఆ కాడలు ఒక్కొక్కటే పీక్కుని నమిలేవాడు.

ఈలోగా మండలి సిబ్బంది పెళ్ళిళ్ళ మీద పడ్డారు. బంతి బంతికీ ఓ ఉద్యోగి నిలబడి, చాలన్నవాళ్ళను లెక్కపెట్టాడు. దీనికి చాలు సూచిక అని పేరు పెట్టారు. లెక్క చూస్తే మండలికే మతి పోయింది. పెళ్ళికి వచ్చినవాళ్ళలో చాలననివాడు లేడు. కొందరు విస్తరి వెయ్యకముందే, కాళ్ళు కడుక్కుంటూనే, "ఎందుకండీ ఇవన్నీ, మాకేం వద్దు" అన్నారు.

"అయ్యా, ఒక సందేహం," అన్నాడు సమావేశంలో ఓ కుర్ర అధికారి. "చాలన్నవాళ్ళలో చాలామంది ఇంకా పీచు తిననే లేదండి."

పరాంకుశం గారు చిరునవ్వు నవ్వారు.

"అదే విశేషం. భోక్త యొక్క నోటిని చేరకమునుపే పీచు పనిచేయుచున్నది. దీనిని దూర తృప్తి అని నమోదు చేయండి."

"పీచు వండని పెళ్ళిళ్ళలో కూడా చాలంటున్నారండి."

"పొరుగు పెళ్ళి నుంచి ప్రభావం ప్రసరించి ఉండును."

ఆ కుర్ర అధికారికి బుద్ధొచ్చింది. తరవాత అతను సందేహాలు మానేసి సలహాలు మొదలెట్టాడు. నడివీధిలో పందిరి వేసి, పోయేవాళ్ళను భోజనానికి పిలిచి చూద్దామన్నాడు. వేశారు. ముక్కూ మొహం తెలియనివాళ్ళు పందిట్లోంచి పిలిచి "భోంచేస్తారా?" అంటే ఏ మర్యాదస్తుడైనా ఏమంటాడు? "ఇప్పుడే తినొచ్చామండీ" అన్నారు. తట్ట మోసే మనిషీ అదే అన్నాడు, తట్టల కొద్దీ సరుకు మోయించే షావుకారూ అదే అన్నాడు. సాయంత్రానికి పందిట్లో వంటలు వండినవి వండినట్టే ఉన్నాయి. నివేదిక మాత్రం తయారైంది. 'ఈ జిల్లాయందు ఆకలి అను సమస్య లేదు. ఉన్నట్లు ఎవరూ ఒప్పుకొనుట లేదు.'

ఒప్పుకోకపోవడం కూడా ఓ సాక్ష్యమే కదా మరి.

గవర్రాజుకు ఇంట్లో ఉన్న పూట సుమిత్ర పీకల్దాకా పెట్టేది. కానీ ఇంట్లో ఉండే పూటలేవీ? ఊళ్ళు తిరగడంతో నడుము సన్నబడి బెల్టుకు మేకుతో కొత్త చిల్లులు పొడుచుకున్నాడు. ఒకరోజు సభ అయ్యాక జీపు డ్రైవరు కళ్ళు గప్పి బస్టాండు పక్కనున్న భోజన హోటల్లోకి దూరాడు. బకెట్టు పట్టుకుని కుర్రాడు వచ్చాడు. గవర్రాజు తిన్నాడు, మళ్ళీ తిన్నాడు, చెమట తుడుచుకున్నాడు. అప్పుడప్పుడే కడుపులో ఓ మూల నిండడం మొదలైంది.

"ఇంకా వెయ్యనా సార్?"

ఇన్నాళ్ళ అలవాటు. నోరు ఊరుకుంటుందా? "చాలు" అనేసింది. కుర్రాడు బకెట్టుతో సహా తిరిగి వెళ్ళిపోయాడు.

"ఒరేయ్ అబ్బీ, ఇటు రా. ఏదో అలా అన్నాను, వెయ్యి."

"వెయ్యకూడదు సార్. అదుగో." గోడ మీద బోర్డు చూపించాడు. చాలన్నవారికి తిరిగి వడ్డించరాదు, మండలివారి ఉత్తర్వు అని రాసుంది. దాని కింద గవర్రాజు ఫోటో, చేతులు జోడించి, తృప్తిగా నవ్వుతూ.

"అది ఎవరో తెలుసా?" అన్నాడు గవర్రాజు.

"ఎవరో మహానుభావుడంట సార్. గాలి తిని బతుకుతాడంట."

గవర్రాజు చెయ్యి కడుక్కుని బయటికొచ్చాడు.

ఆ వారంలోనే ముత్యాలరావు గారి దగ్గర్నుంచి కూతురికి ఫోను వచ్చింది. పెద్ద ఉత్తర్వు తయారైంది. హాస్టళ్ళలో అన్నం సగానికి తగ్గిస్తారు. ఆ సగం బదులు పీచు కూరలు పెట్టాలని మొదట రాశారు. కానీ పీచు లేకుండానే జనం చాలంటున్నట్టు సర్వేలో తేలిపోయింది కాబట్టి, పీచు కూడా తీసేశారు. దానికి బదులు భోజనానికి ముందు పిల్లలకు పీచు మహిమ గురించి నాలుగు వాక్యాలు చదివి వినిపిస్తారు. సంతకం ఒక్కటే మిగిలింది. శుక్రవారం మధ్యాహ్నం సభలో, నిదర్శనం చాలనగానే ఆ వేదిక మీదే ఛైర్మన్ గారు సంతకం చేస్తారు.

"సభ ఎక్కడో తెలుసా?" అంది సుమిత్ర. "మీరు చదువుకున్న హాస్టల్లోనే."

గవర్రాజు చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"ఆ పిల్లలకి ఎంత పెడతారట?"

"అది మీరు చాలన్నదాన్ని బట్టి."

"నేను చాలనకపోతే?"

"అనరూ? నా ఎదుట కంచం ఖాళీ చేసి గిన్నె వంక చూసే మనిషి, మా నాన్నగారి ఎదుట చిలక కొరికినట్టు కొరుకుతారు. ఆకలేస్తే ఆకలేస్తోందని చెప్పచ్చుగా."

"మీ నాన్నగారి పరువు పోతుందే. ఆయన ప్రమోషన్ దీని మీదే ఉందట."

"మా నాన్నగారి పరువు దాచడానికి మీ పొట్టే దొరికిందా? అందులో అన్నానికే చోటు చాలదు."

గవర్రాజు ముందున్న కంచం వంక చూశాడు. హాస్టల్లో తన కంచం గుర్తొచ్చింది. అంచు సొట్టపోయిన సత్తుకంచం. ఆ సొట్ట ముందుకు జరిపీ జరిపీ గోడకు కొట్టుకుని పడింది.

శుక్రవారం నాటికి హాస్టలుకు సున్నం వేసి తోరణాలు కట్టారు. భోజనాల హాల్లో పిల్లలు వరసలుగా బాసింపట్టు వేసుక్కూర్చున్నారు. వార్డెను గారు వాళ్ళకు వారం నుంచి తర్ఫీదు ఇస్తున్నారు. కంచం ముట్టుకోకూడదు. అడిగినప్పుడు రెండు చేతులూ జోడించి, ఒక్క గొంతుతో, చాలండీ అనాలి. మొదట్లో పిల్లలకు ఆ మాట నోరు తిరగలేదు. వాళ్ళకు అవసరం పడ్డ మాట కాదు కదా. ఇప్పుడు బాగానే పలుకుతున్నారు.

వేదిక మీద బల్లలు, బల్లల మీద కంచాలు. నిదర్శనం పక్కన ఛైర్మన్ గారు, ఆ పక్కన ముత్యాలరావు గారు. వాళ్ళకూ కంచాలు పెట్టారు, గౌరవానికి. నిదర్శనానికి అత్తగారి చేతి వడ్డన అయితే శోభగా ఉంటుందని వడ్డించడానికి మంగతాయారును పిలిపించారు. గరిటె పట్టుకు నిలబడి వేడివేడి అన్నం గిన్నెను పసిపిల్లను చూసినట్టు చూస్తోంది ఆవిడ. ఇన్ని నెలలుగా ఆ చేతికి కొసరి వడ్డించే భాగ్యం లేదు. ముందు వరసలో కుర్చీలో చిట్టెమ్మ. ఎందుకొచ్చావని ఎవరో అడిగితే, మనవరాలి మొగుడి భోజనం చూడ్డానికంది.

పరాంకుశం గారు మైకు అందుకున్నారు.

"ఇందుమూలముగా సభకు విన్నవించుకొనునది ఏమనగా, ఆకలి అనునది ఒక అపోహ. నేడు ఇచ్చట, ఈ బాలబాలికల యొక్క జఠరముల సాక్షిగా, ఆ అపోహకు స్వస్తి పలుకుచున్నాము." అని కలం మూత తీసి సిద్ధంగా పెట్టుకుని, మైకు గవర్రాజు మూతి దగ్గరికి జరిపారు. "శ్రీమాన్ గవర్రాజు గారూ, ఇంకను కొంచెము వడ్డించమందురా?"

 గవర్రాజు నోట్లో 'చా' తయారుగా ఉంది. పెదవుల దాకా వచ్చింది కూడా. అప్పుడు వరసల వైపు చూశాడు. పిల్లలందరూ చేతులు జోడించుకుని ఉన్నారు. అతని మాట అవగానే తమ మాట అనాలి కాబట్టి, చెవులు అతని వైపే పెట్టుకున్నారు. చేతులు ముడుచుకున్నాయి గానీ కళ్ళు మాత్రం వేదిక మీది అన్నం గిన్నె మీదే ఉన్నాయి. మంగతాయారు చేతిలో గరిటె అప్పుడే పైకి లేచింది. చిట్టెమ్మ ఆ గరిటె వంక చూసి, అతని వంక చూసింది. 

గవర్రాజు ఎడం చెయ్యి, తనంతట తానే, కంచాన్ని కాస్త ముందుకు తోసింది. సత్తుకంచం బల్ల మీద గీరుకున్న చప్పుడు మైకులోంచి హాలంతా వినపడింది.

"వడ్డించండి అత్తయ్యగారూ," అన్నాడు.

మంగతాయారు ఇంకోసారి అడగలేదు. భర్త వంక చూడనూ లేదు. గరిటె మీద గరిటె, దాని మీద పప్పు, దాని మీద నెయ్యి. కళ్ళమ్మట నీళ్ళు తిరుగుతుంటే భుజంతో తుడుచుకుంటూ వేసింది.

"పొరపాటు పడ్డట్టున్నారు," అన్నారు పరాంకుశం గారు మైకుకు చెయ్యి అడ్డంపెట్టి. "మరొకసారి అడుగుదును."

"పొరపాటు కాదండీ," అన్నాడు గవర్రాజు. "ఆకలి."

అనేసి, ఆ వెంటనే మామగారి వైపు తిరిగాడు. "మొదటిరోజు కూడా ఇదేనండి మామయ్యగారూ. సిగ్గుపడి చెప్పలేదు."

ముత్యాలరావు గారు నోరు తెరిచారు. అందులోంచి ఏ తీర్మానమూ రాలేదు.

ఇంతలో కింద వెనక వరసలో ఎక్కడో ఓ కంచం గీరుకుంది. దాని పక్కది గీరుకుంది. ఆ తరవాత హాలంతా ఒకటే చప్పుడు, వానకు రేకుల కప్పు మోగినట్టు. జోడించిన చేతులు విడిపోయాయి. కంచాలన్నీ ముందుకొచ్చాయి. వార్డెను గారు చాలండీ చాలండీ అని గుర్తు చేస్తున్నారు గానీ, ఆ మాట ఆయన ఒక్కరే అంటున్నారు. వంటవాళ్ళు గిన్నెలెత్తుకుని వరసల్లోకి దిగారు. వేదిక మీద ఛైర్మన్ గారి ముందున్న కంచం కూడా ముందుకు జరిగి ఉంది. అది ఎవరు జరిపారో తరవాత విచారణలో తేలలేదు. మంగతాయారు మాత్రం అందులోనూ వడ్డించింది. ఆయన చాలనలేదు. కలం ఎక్కడ పడిపోయిందో కూడా చూసుకోలేదు.

అంతటితో మండలి మూతపడిందనుకుంటే మీకు మండలుల సంగతి తెలియదన్నమాట. విచారణ సంఘం వేశారు. నిదర్శనం అన్ని నెలలు పీచు తిని, చివరికి సభాముఖంగా అన్నం అడిగాడు కాబట్టి, పీచు ఆకలిని అణచదనీ, రగిలిస్తుందనీ సంఘం తేల్చింది. ఆకలి నియంత్రణ మండలి పేరు ఆకలి వికాస మండలి అని మార్చారు. కుర్చీలు అవే, కూర్చున్నవాళ్ళూ వాళ్ళే, గుమ్మం మీద బోర్డు ఒక్కటే కొత్తది. ఇంత గొప్ప సత్యం తన అల్లుడి నోటనే బయటపడినందుకు ముత్యాలరావు గారికి ప్రమోషన్ వచ్చింది. గవర్రాజు ఇన్నాళ్ళూ డొక్క ఎండగట్టి కాపాడిన పరువు, అతను అన్నం అడగ్గానే రెట్టింపైంది.

హాస్టళ్ళలో అన్నం ఎప్పట్లా పెడుతున్నారు. దాంతో పాటు ఆకలి రగలాలని దూట కూర, మునగాకు, ఉలవలు కూడా పెడుతున్నారు. పిల్లలు అన్నీ కలుపుకుని కడుపునిండా తిని, సాయంత్రం దాకా ఆకలి ఊసెత్తకుండా ఆడుకుంటున్నారు. డాక్టరు గారు మొదట చెప్పింది అదే. ఆ సంగతి మండలికి ఇంకా తెలియదు. తెలియనివ్వకండి, దానికో ఉపసంఘం వేస్తారు.

కొత్త మండలి మొదటి తీర్మానం ఏంటంటే, చాలు అను మాట మర్యాదపూర్వకమైనది మాత్రమే. దానిని పరిగణనలోకి తీసుకొనక వడ్డన కొనసాగించవలెను.

దీపావళికి గవర్రాజు మళ్ళీ అత్తవారింటికి వెళ్ళాడు. చిట్టెమ్మ దూట కూరలో ఆవ పెట్టింది. గుత్తొంకాయ, పులిహోర, బూరెలు, పెరుగు మీద మీగడ. అతను ఏ సిగ్గూ లేకుండా అడిగి మరీ వేయించుకున్నాడు. బూరెల దగ్గరికి వచ్చేసరికి ఊపిరి బరువైంది. మంగతాయారు బూరెల పళ్ళెంతో, వెనకాలే నేతి గిన్నెతో సుమిత్ర, తయారుగా నిలబడ్డారు.

"చాలండీ అత్తయ్యగారూ."

"అలాగే బాబూ," అని రెండు వేసింది.

"నిజంగా చాలండీ. ఒట్టు."

"మామూలే," అన్నారు ముత్యాలరావు గారు సంతోషంగా. "వెయ్యవే. మర్యాదకంటున్నారు."

"అమ్మమ్మగారూ, మీరన్నా చెప్పండి."

చిట్టెమ్మ బోసినోటితో నవ్వింది. "నేను చెప్పేదేముంది నాయనా. నువ్వు చాలన్నావంటే ఈ జిల్లాలో ఎవరు నమ్ముతారు?"

గవర్రాజు ఆఖరి ప్రయత్నంగా విస్తరికి చెయ్యి అడ్డంపెట్టాడు. ఈసారి వేళ్ళు దగ్గరగా, సందు లేకుండా, తలుపు మూసినట్టు మూసి పెట్టాడు. పుట్టి బుద్ధెరిగాక ఇంత నిజం ఎప్పుడూ చెప్పలేదు.

మంగతాయారు ఆ చేతి వంక ముచ్చటగా చూసి, వేళ్ళ మీదే బూరె పెట్టి, నెయ్యి పొయ్యమంది.